నాయన దగ్గు

నేను చేసిన తెలివితక్కువ పని ఏదని మా ఊళ్ళో ఎవర్నడిగినా సినిమా పిచ్చి అనే చెబుతారు. దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. అది ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కె.జి.ఎఫ్. నాయన చాంపియన్ రీఫ్ గనిలో రాయి తొలిచే పని చేసేవాడు. మూడు కిలోమీటర్లు దాటిన లోతు. అడుక్కు పోయేసరికి రాయి వేడే 60 డిగ్రీలు మించేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. లెక్క తేలి నాయన చేతికొచ్చిన డబ్బులో కొంత నేను అడిగి తీసుకున్నాను. ఒక చిన్న సినిమాలో హీరో స్నేహితుడి వేషం ఇస్తామని, ముందు సొమ్ము కట్టమని చెప్పారు. నాయన ఎంత అని అడిగాడే గాని ఎందుకని అడగలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. సినిమా నటి సౌందర్య మా జిల్లా ముళబాగిలు పిల్లే కదా, తెలుగువాళ్ళంతా ఆమెను నెత్తిన పెట్టుకున్నారు కదా, నాకేం తక్కువ అనుకున్నాను. ఆమె తండ్రి సినిమా రచయిత, నిర్మాత అన్న సంగతి గాని, ఆమె పడ్డ కష్టం గాని నా లెక్కలోకి రాలేదు. మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి, బెంగళూరు గాంధీనగర్‌లో ఆఫీసుల మెట్లెక్కి దిగేవాణ్ణి. ఆ తర్వాత హైదరాబాదు కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి ఒక గది. ఆరేళ్ళలో మూడు సినిమాలు. ఒకదాంట్లో శవాన్ని. ఒకదాంట్లో నాకు రెండు మాటలున్నాయి గాని, కోలారు యాస పనికిరాదని వేరేవాళ్ళ గొంతు పెట్టారు. నాయన డబ్బు కట్టిన సినిమా విడుదలే కాలేదు. తిరిగొచ్చి, గనులు పోయాక ఊళ్ళో వేలమంది చేసినట్టే, రోజూ రైల్లో బంగారుపేట మీదుగా బెంగళూరు పోయి ఉద్యోగం చేసుకున్నాను.

2018 డిసెంబరులో ‘కె.జి.ఎఫ్’ సినిమా వచ్చింది. మా సైనైడ్ దిబ్బల దగ్గర సెట్లు వేసి తీశారు. బంగారం తీసేసుకున్నాక మిగిలిన రాతిపిండి గుట్టలవి. వేసవిలో గాలి లేస్తే ఆ పొడి మా వాకిళ్ళలోకి, అన్నం కంచాల్లోకి వస్తుంది. దేశమంతా మా ఊరి పేరు పలుకుతూంటే నాకు మళ్ళీ ఆశ పుట్టింది. ఈసారి నటించాలని కాదు, రాయాలని. శవం వేషాలేసే కె.జి.ఎఫ్ కుర్రాడు పెద్ద హీరో కావాలని పడే పాట్లతో ఒక హాస్య నవల. నా కథే.

చాలావరకు బాగానే రాశాననుకుంటాను. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ మా ఇంట్లో చిరిగిపోయేదాకా చదివిన పుస్తకం. అక్కడ కథ చెప్పేది పార్వతీశమే, నవ్వంతా పడేదీ అతని మీదే. నేను అంతదూరం పోలేకపోయాను. నా మీద వేసుకున్న నవ్వు అయిపోగానే నాయనను లాక్కొచ్చాను. కుర్రాడు వేషం కోసం వీడియో తీసుకుంటూ ఏడుపు సీను మొదలుపెట్టిన ప్రతిసారీ పక్కగదిలోంచి తండ్రి దగ్గు. పదకొండు టేకులు, పదకొండు దగ్గులు.

ఒక ఆదివారం ముగ్గురు స్నేహితుల్ని పిలిచి ఆ అధ్యాయం చదివి వినిపించాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. చదవడం అయ్యేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో పక్కగదిలోంచి ఒక్క దగ్గూ వినపడలేదు. వాళ్ళు వెళ్ళాక లోపలికి పోయి చూశాను. నాయన తువ్వాలు నోట్లో కుక్కుకుని మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నా చదువుకు అడ్డం రాకూడదని.

దగ్గు తెరలు తగ్గాక అన్నాడు: “బాగుందప్పా. ఆ దగ్గు మాత్రం అట్ల రాదు. ముందు ఎద పట్టేస్తుంది. గాలి లోపలికి పోదు. కొంచెం సేపు అట్లే ఉంటుంది. అప్పుడు వస్తుంది.”

అంతే. కోపం లేదు, నొచ్చుకున్నట్టూ లేదు. పనిలో తప్పు కనిపిస్తే పక్కవాడికి చెప్పినట్టు చెప్పాడు.

తొలిచినప్పుడు లేచే రాతిపొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. మా గనుల్లో ఈ జబ్బు మీద 1940ల్లోనే డాక్టర్లు పరిశోధన చేశారు. నేను మాత్రం పుట్టినప్పట్నుంచి వింటూ కూడా అది నాయన అలవాటు అనుకున్నాను. శవంగా ఎట్లా పడుకోవాలో నేర్చుకోవడానికి ఊళ్ళు తిరిగినవాణ్ణి, ఇంట్లో మనిషి ఊపిరి ఎట్లా తీసుకుంటున్నాడో ఒక్కసారి పరికించి చూడలేదు. సినిమాలో పోగొట్టిన డబ్బుకు నాకు సిగ్గు ఉంది. దీనికి సిగ్గు చాలదు.

ఆ అధ్యాయం కొట్టేయలేదు. ఆయన చెప్పినట్టే దిద్దాను. ముందు ఎద పట్టేయడం, గాలి లోపలికి పోకపోవడం, ఆ తర్వాతే దగ్గు. దిద్దింది ఆయనకు చదివి వినిపించాలనుకుంటూ జాగు చేశాను. 2021లో నాయన పోయాడు.

మా ఊరి మీద ఇప్పుడు చాలామంది కథలు రాస్తున్నారు, సినిమాలు తీస్తున్నారు. రండి, రాయండి. గనిలో దిగినవాళ్ళు ఇంకా మా వీధుల్లో ఉన్నారు. రాయకముందు వాళ్ళ పక్కన కూర్చుని అడగండి.