సీటు దొరికితే సగం పాసైనట్టే

బ్రిటన్‌లో పళ్ళ డాక్టర్లకు కరువొచ్చింది. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్ నగరంలోని సెయింట్ పాల్స్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యసేవ) రోగులను చేర్చుకునే క్లినిక్ ఒకటి తెరిస్తే జనం వందల్లో లైను కట్టారు. పోలీసులొచ్చి సర్దాల్సి వచ్చింది. డాక్టరు దొరక్క ఇంట్లో పటకారుతో సొంత పన్ను పీక్కున్న ధీరుల కథలు అక్కడి పత్రికల్లో మామూలే.

పత్రికలు అంతగా పట్టించుకోని లైను ఇంకొకటుంది. అది డాక్టర్లది. మన గుంటూరులోనో వరంగల్‌లోనో బీడీఎస్ చదివి, సాఫ్ట్‌వేర్ మొగుడి వెంట విమానమెక్కిన డాక్టరమ్మలూ అందులో ఉన్నారు. వీళ్ళకూ ఆ రోగులకూ మధ్య, పళ్ళ డాక్టర్లను నమోదు చేసే జనరల్ డెంటల్ కౌన్సిల్ వారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

బయటి దేశాల్లో చదివినవాళ్ళకు కౌన్సిల్ వారు పెట్టే పరీక్ష పేరు ఓఆర్‌ఈ. పార్ట్ వన్ రాతపరీక్ష. పార్ట్ టూ చేతిపని. మన కాలేజీల్లో ఫాంటమ్ హెడ్ అని పిలిచే బొమ్మ తల అందులో ఉంటుంది. రబ్బరు బుగ్గలు, లోపల బిగించిన ప్లాస్టిక్ పళ్ళు. గుట్కా నమిలి నమిలి రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోని నోళ్ళలో చెయ్యిపెట్టి పళ్ళు పీకిన డాక్టరమ్మ, అక్కడ నొప్పెరగని బొమ్మకు పక్క పన్ను మీద గీత పడకుండా క్రౌన్ కోసం పన్ను అరగదీసి చూపించాలి.

పరీక్ష ఉండకూడదని ఎవరూ అనరు. నోట్లో మర తిప్పేవాళ్ళకు చెయ్యి కుదురో కాదో చూడాల్సిందే. పైగా మనవాళ్ళకు పరీక్షలంటే భయమా? ఎల్‌కేజీ నుంచీ అదే తిండి. అసలు కష్టమంతా సీటు దగ్గరే. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లలాగా బుకింగ్ తెరవడం, అయిపోవడం వెంటవెంటనే జరుగుతాయి. పార్ట్ టూ ఫీజు 4,000 పౌండ్ల పైనే, మన లెక్కలో నాలుగు లక్షలు దాటిన మాట. అంత డబ్బు చేతబట్టుకుని "పుచ్చుకోండి మహాప్రభో" అంటే, పుచ్చుకునే తీరిక లేదంటున్నారు. ఇంతటి నిగ్రహం మన ఆఫీసుల్లో ఎక్కడైనా చూశామా!

పార్ట్ వన్ మొదటిసారి రాసిన ఐదేళ్ళలోగా పార్ట్ టూ ముగించాలని రూలు. 2020లో కరోనా వచ్చి పరీక్షలు ఆగాయి. ఐదేళ్ళ గడియారం మాత్రం ఆగలేదు. దాన్ని సర్దడానికి చట్టమే మార్చాల్సి వచ్చింది.

ఇదే డాక్టరమ్మ బుద్ధిగా రొమేనియాలో చదువుకుని ఉంటే ఈ పరీక్షే లేదు. యూరప్ యూనియన్‌తో బ్రిటన్ విడాకులు తీసుకుంది గానీ, అత్తింటివారి డిగ్రీలను ఇప్పటికీ ఆదరిస్తోంది.

ఇదివరకు పెరటి గుమ్మం ఒకటి తెరిచి ఉండేది. బీడీఎస్ పట్టా చూపించి హైజీనిస్టుగానో థెరపిస్టుగానో నమోదై, గార తీస్తూ బతుకు వెళ్ళదీసేవారు. 2023 మార్చిలో దానికీ తాళం పడింది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

కొందరు డెంటల్ నర్సులుగా చేరుతున్నారు. డాక్టరు పక్కన నిలబడి సక్షన్ పైపు పట్టుకోవడం, ట్రేలో పనిముట్లు సర్దడం. వెనక దవడ పన్నులో పుచ్చు డాక్టరు కంటే ముందే ఆమె కంట పడుతుంది. పడి ఏం లాభం? ఆ మాట చెప్పడానికి ఆమెకు డాక్టరుగా రిజిస్ట్రేషన్ లేదు. ఇక్కడ అత్తగారు పేరంటాల్లో "మా కోడలు లండన్‌లో డాక్టరు" అని చెప్పుకుంటూనే ఉంటారు. సక్షన్ పైపు ప్రస్తావన రాదు.

సరే, సీటు దొరికింది, బొమ్మ కరుణించింది, కౌన్సిల్ రిజిస్టరులో పేరెక్కింది. ఇక ప్రైవేటుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ పేషెంటు పన్ను ముట్టుకోవాలంటే పెర్ఫార్మర్స్ లిస్ట్ అనే మరో జాబితాలోనూ పేరుండాలి. దానికి దరఖాస్తు వేరే.