బానెట్ బాబాయ్

హిమాయత్‌నగర్‌లో ఆదివారం పొద్దున పాత కారు చూడ్డానికి బయల్దేరే ఏ బృందంలోనైనా ముగ్గురుంటారు: కొనేవాడు, వాడి భార్య, బానెట్ బాబాయ్. డబ్బు కొనేవాడిది. రంగు భార్య ఇష్టం. మిగతాదంతా బాబాయ్ చూసుకుంటాడు. ఆయన ఎవరికి సొంత బాబాయో విచారించి లాభం లేదు. వీధికొకరు చొప్పున ఉంటారు. మా అదృష్టం కొద్దీ మా బాబాయ్ మా అపార్ట్‌మెంటులోనే, రెండో అంతస్తులో ఉంటాడు.

ఆయన మెకానిక్ కాడు. ఆయన స్పానర్ పట్టగా చూసినవాళ్ళు లేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆడిట్ సెక్షన్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ బిల్లుల మీద అభ్యంతరాలు రాశాడు. రిటైరయ్యాక బిల్లులు రావడం ఆగిపోయింది గాని అభ్యంతరాలు పుట్టడం ఆగలేదు. వాటికో దారి కావాలి కదా! ఇంట్లో పిన్నిగారి దగ్గర ఆ పప్పులు ఉడకవు. అందుకని సెకండ్ హ్యాండ్ కార్ల మీద పడ్డాడు.

కారు కొంటానని ఎవరైనా వెళ్తే ఏ కంపెనీ అని అడగడు. "ముందు నీ పార్కింగ్ చూపించు" అంటాడు. మా వైపు పాత అపార్ట్‌మెంట్లు ఇంటికో స్కూటరున్న రోజుల్లో కట్టినవి. టేపు పెట్టి స్తంభానికీ స్తంభానికీ మధ్య కొలుస్తాడు, తలుపు తెరుచుకుని మనిషి దిగే చోటు వదులుతాడు. మిగిలిన దాంట్లో పట్టే బండే నీ బండి. ఏడు సీట్లది కావాలన్నవాణ్ణి, "ఇంట్లో ఉన్నది ముగ్గురే కదరా" అంటాడు. ఊరినుంచి అత్తామామలు వస్తారు బాబాయ్ అంటే, ఏడాదికెన్నిసార్లు వస్తారు, వచ్చినప్పుడు క్యాబుకెంతవుతుంది అని లెక్క కట్టి కాగితం వాడి చేతిలో పెడతాడు. ఆ కాగితం వాడి భార్య కంటపడితే జరిగే రభసకు ఆయన పూచీ లేదు.

బడ్జెట్ నాలుగు లక్షలంటే మూడున్నరలోనే వెతకమంటాడు. ఆ యాభై వేలూ టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, పేరు మార్పిడి కలిసి రెండు నెలల్లో ఎలాగూ గుంజుకుంటాయి. లిబర్టీ నుంచి ఆబిడ్స్ దాకా పోయొచ్చేవాడు డీజిల్ బండి అన్నాడంటే ఆయనకు బీపీ పెరుగుతుంది. బీఎస్ 6 డీజిల్ బండికి పొగ వెళ్ళే దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంటుంది. అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు కాసేపు జోరుగా పరుగెత్తాలి. "లిబర్టీ సిగ్నల్ దగ్గర ఎక్కడికి పరుగెత్తుతుందిరా?" అన్నది ఆయన ప్రశ్న. దానికి సమాధానం ట్రాఫిక్ పోలీసుల దగ్గర కూడా లేదు.

ఇక బండి చూసే రోజు. ముందు రాత్రే అమ్మేవాడికి ఫోను చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకు తమ్ముడూ" అని చెబుతాడు. అక్కడ దిగగానే నమస్కారం కంటే ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. వెచ్చగా తగిలిందా, సగం బేరం అక్కడే చెడింది. చల్లటి ఇంజన్ చేసే గోల వెచ్చటి ఇంజన్ చేయదు. ఆ గోల మనకు వినిపించకూడదనే తెల్లారగట్ల లేచి తిప్పి ఉంచారని ఆయన నిశ్చయం. నూటికి తొంభైసార్లు నిజమే కూడా.

ఆటో కన్సల్టెన్సీ కుర్రాడు తన పాఠం మొదలుపెడతాడు. "సార్, బండి మక్ఖన్. సింగిల్ హ్యాండ్. డాక్టర్ సాబ్‌ది. ఇంటికీ ఆస్పత్రికీ తప్ప తిరగలే." ఈ ఊళ్ళో అమ్మకానికొచ్చే ప్రతి కారూ ఏదో ఒక డాక్టరుగారిదే. బాబాయ్ వంగి తొక్కుడు పెడళ్ళ మీదికి టార్చి వేస్తాడు.

"మీటరు నలభై రెండు వేలంటోంది. బ్రేకు పెడల్ రబ్బరు లక్షన్నర అంటోంది. డాక్టరుగారి ఆస్పత్రి కర్నూల్లోనా?"

కిలోమీటర్ల దగ్గర ఆయనకో సిద్ధాంతముంది. మా ఇంటికి దగ్గర్లోనే కింగ్ కోఠి ప్యాలెస్. అక్కడ కాపురమున్న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు తండ్రి హయాంలో ఆర్డరిచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటి దక్కింది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. సింహాసనం లాంటి సీటు వేయించిన ఆ బండి ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. శతాబ్దం దాటినా మీటర్లో ఉన్నవి 356 మైళ్ళే. "దేశం మొత్తమ్మీద తక్కువ తిరిగిందని నేను నమ్మే బండి అదొక్కటే" అంటాడు బాబాయ్. వెంటనే, "అయినా కొనను" అని చేరుస్తాడు. తిరగని బండిలో రబ్బర్లు గట్టిపడతాయి, సీళ్ళు ఎండి నూనె కారుతుంది, టైర్లు పగుళ్ళు బారతాయి. నిజాం నవాబుగారి బండినే తిరగ్గొట్టినవాడు కన్సల్టెన్సీ బండిని వదుల్తాడా!

తర్వాత జేబులోంచి వేంకటేశ్వరస్వామి బయటికొస్తాడు. ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం బొమ్మ. గీతలు పడకుండా వెనక పాత బనియన్ గుడ్డ చుట్టి ఉంటుంది. తలుపుల మీద, ఫెండర్ల మీద, డిక్కీ మీద వరసగా పెట్టి చూస్తాడు. రేకు ఉన్నచోట స్వామి నిలబడతాడు. దెబ్బ తగిలి పుట్టీ మందంగా పట్టించి రంగు కొట్టిన చోట జారి బాబాయ్ దోసిట్లో పడతాడు. జారిన ప్రతిసారీ ఆయన కళ్ళలో ఒక భక్తి కనిపిస్తుంది. ఒకసారి బంపర్ మీద పెట్టి "ఇక్కడ మొత్తం పుట్టీయే" అని ప్రకటించాడు. "సాబ్, బంపర్ ప్లాస్టిక్ ఉంటది" అన్నాడు కుర్రాడు. బాబాయ్ చలించలేదు. "అదే నేను చెప్పేది. ఒరిజినల్ రేకు కాదు."

అద్దాల మూల కంపెనీ ముద్రలో తయారైన సంవత్సరం సూచన ఉంటుంది. నాలుగద్దాలు ఒకటి చెప్పి ఐదోది ఇంకోటి చెబితే దాని కథ అడుగుతాడు. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదువుతాడు: 3718 అంటే 2018లో 37వ వారం. టైర్లు కొత్తగా నల్లగా మెరుస్తున్నాయని మురిసిపోయే భార్యగారికి అవి కారు కంటే వయసులో పెద్దవని రుజువు చేసిన సందర్భాలున్నాయి. పాత టైరుకు నల్ల పాలిష్ పూయడం పెద్ద పనేం కాదు. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరాలి. వెలిగే ఉంటే లోపం. అసలు వెలగనే లేదంటే లోపాన్ని చెప్పే నోరు ఎవరో నొక్కారని అర్థం. ఆయిల్ మూత తీసినప్పుడు ఇంజన్ భకభకమని పొగ ఊదితే "బ్యాక్ కంప్రెషన్ కొడుతోంది, బోర్‌కి వచ్చింది" అంటాడు. ఈ ఒక్క వాక్యం వినగానే కన్సల్టెన్సీవాళ్ళు టీ చెప్పడం మానేస్తారు.

సీటుబెల్టును మాత్రం ఆఖరి అంగుళం దాకా లాగి చూస్తాడు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో ఎన్ని కార్లు నీళ్ళలో నానాయో మాకందరికీ గుర్తే. హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్ళ నాలా మా పక్కనుంచే పోతుంది గనక పెద్ద వానొస్తే మాకు నిద్రపట్టదు. నీళ్ళలో నానిన బండికి కార్పెట్లు మారుస్తారు, సీట్లు ఉతుకుతారు, అగరుబత్తి కొట్టు తెరిచినట్టు సెంటు కొడతారు. బెల్టు చుట్ట అడుగున పేరుకున్న బురదను మాత్రం మరిచిపోతారు. ఈ పరీక్షకు మటుకు బాబాయ్‌కి చేతులెత్తి దండం పెట్టొచ్చు.

టెస్ట్ డ్రైవ్‌కు దారి ఆయన నిర్ణయించిందే. ఏసీ వేయాలి, అద్దాలు ఎత్తాలి, పాటలు పెట్టకూడదు, ఎవరూ మాట్లాడకూడదు. నారాయణగూడ ఫ్లైఓవర్ మూడో గేరులో ఎక్కించాలి. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోతే క్లచ్ ప్లేట్ అయిపోయినట్టు. తిరిగొచ్చేటప్పుడు గల్లీలోంచి రావాలి, మా స్పీడ్ బ్రేకర్లు సస్పెన్షన్‌ను వేరే మెకానిక్ అవసరం లేకుండా తేల్చేస్తాయి. లొడలొడ వినబడగానే చూపుడువేలు పైకెత్తుతాడు. మాట్లాడకూడదన్నది ఆయన పెట్టిన నియమమే గనక.

ఈ మధ్య మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఫోనుకు కలిపే స్కానర్ కొన్నాడు. స్టీరింగ్ కింద గుచ్చితే బండి జబ్బులన్నీ తెరమీద వస్తాయట. ఏ జబ్బూ లేదని వచ్చింది. "నిన్న రాత్రి చెరిపేసుంటారు" అన్నాడు బాబాయ్. కుర్రాడు ఇంటికెళ్ళి చదివి చూసుకున్నాడు. చెరపడం నిజంగానే కుదురుతుందట. అప్పట్నుంచి స్కానర్ బాబాయ్ జేబులో ఉంటోంది, స్వామివారి పక్కన.

బండి కంటే కాగితాల దగ్గర ఆయన వయసు పదేళ్ళు తగ్గుతుంది. నంబరు ప్లేటు చూడగానే జాతకం చెబుతాడు. ఏపీ 09 అయితే 2014 జూన్ ముందుది, టీఎస్ అయితే ఆ తర్వాతది, టీజీ అయితే 2024 మార్చి తర్వాతది. డీఎల్ అని కనిపిస్తే ధర తక్కువెందుకో చెబుతాడు: ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్లను తిరగనివ్వకూడదని గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో ఔనంది. అందుకని అక్కడి బండ్లు ఇటు దొర్లుకొస్తాయి. అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ కలిపితే ఆ చౌక ఎటుపోతుందో చూసుకోమంటాడు. పాత చలానాలు, ఫైనాన్స్ బాకీ చూడనిదే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వనివ్వడు. ఇన్సూరెన్స్‌లో నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాడితోనే పోతుంది, బండితో రాదు అని గుర్తుచేస్తాడు. ధర మొత్తం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ అదనమన్న డీలర్‌ను ఒకసారి అరగంట నిలబెట్టాడు. ఆ పన్ను డీలర్ కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే.

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి తాళాలిచ్చి చేతులు దులుపుకునేవాళ్ళంటే ఆయనకు మంట. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో ఏం చెప్పిందో కన్సల్టెన్సీలో నిలబడే చదివి వినిపిస్తాడు. బండి ఎన్ని చేతులు మారినా, ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్నవాడే బాధ్యుడు. కాబట్టి ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో పేరు మారేదాకా అమ్మినవాడికి నిద్ర ఉండకూడదంటాడు. ఇదంతా పెళ్ళిచూపుల్లా ఉంది బాబాయ్ అని ఎవరో అంటే ఒప్పుకోలేదు. "పెళ్ళిచూపుల్లో పాత చలానాలు ఎవడు చూపిస్తాడ్రా?"

ఇంతా చేసి ఆయన చూపించి కొనిపించిన కారు ఒక్కటీ లేదు. ప్రతి ఆదివారమూ మినర్వా కాఫీ షాపులో ఇడ్లీ, ఫిల్టర్ కాఫీతో, "వద్దు" అన్న తీర్పుతో ముగుస్తుంది. బిల్లు కొనేవాడిది. అయినా జనం ఆయన వెంటే పడతారు. ఇందులో రహస్యం ఏమీ లేదు. కొన్న కారు రేపు రోడ్డు మధ్యలో ఆగితే భార్య దగ్గర మన పక్కన నిలబడి తిట్లు పంచుకునే మనిషి కావాలి. ఆ మనిషి ముందే వద్దనేస్తే తిట్లకే ఆస్కారముండదు. చాలామంది చివరికి విసుగెత్తి, ఆయనకు చెప్పకుండా వారం మధ్యలో వెళ్ళి కొనుక్కుంటారు. ఆయన చెప్పిన పరీక్షలన్నీ దొంగచాటుగా చేసి మరీ కొంటారు కాబట్టి ఆ బండ్లు బాగానే నడుస్తాయి.

మరి ఆయన సొంత బండి? 2009 నాటి మారుతి 800. 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 నిబంధన రావడంతో హైదరాబాద్‌లో కొత్త 800 అమ్మకం ఆగిపోయింది. అంతకు కొద్ది నెలల ముందు కొన్నాడు. పదిహేనేళ్ళు నిండాక గ్రీన్ టాక్స్ కట్టి మరో ఐదేళ్ళు పొడిగించుకున్నాడు. పోయిన దసరాకు దాన్ని అమ్మితీరాలని పిన్నిగారు పట్టుబట్టింది. ఎవరో చెప్పగా ఒక కుర్రాడు వచ్చాడు. వెంట వాళ్ళ పెదనాన్న, చిక్కడపల్లి నుంచి. చొక్కా జేబులో టార్చి చూడగానే బాబాయ్ వెన్ను నిటారైంది.

పెదనాన్నగారు దిగగానే బానెట్ మీద చెయ్యి వేశారు.

"రాత్రి నుంచి ముట్టుకోలేదండీ" అన్నాడు బాబాయ్, కించిత్ గర్వంగా.

పెదనాన్నగారు పెడళ్ళు చూశారు, బెల్టు లాగారు, కంతల్లోకి తొంగి చూశారు. తలుపులను వేళ్ళ కణుపులతో కొట్టి చప్పుడు విన్నారు. ఎడమ ఫెండర్ దాటి వెళ్ళిపోబోతుంటే బాబాయ్ ఉండబట్టలేకపోయాడు. "అలా వినబడదండీ. ఇది పెట్టి చూడండి" అని స్వామిని చేతికిచ్చాడు. స్వామి జారాడు.

"ఆటో తగిలిందండీ. పుట్టీ బాగా మందం."

"ఓహో. ఇంజనో?"

"ఆయిల్ మూత తీసి చూడండి. మీకే తెలుస్తుంది."

మూత తీశారు. ఇద్దరూ ముఖాలు దగ్గర పెట్టి ఆ పొగను చూసి ఒకేసారి తలలూపారు. బాబాయ్ కుర్రాడి వైపు తిరిగి, "నీకెందుకు నాయనా ఈ బండి? నలభై ఏళ్ళ కిందటి డిజైను, ఎయిర్‌బ్యాగ్ ఒక్కటీ లేదు. పైగా ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు, దీని రబ్బరు పైపులు ఆ కాలానివి కావు" అన్నాడు. పైన బాల్కనీలోంచి పిన్నిగారు ఇదంతా విని లోపలికెళ్ళి తలుపు కాస్త గట్టిగానే వేసుకుంది.

కుర్రాణ్ణి ఇంటికి పంపించి పెద్దమనుషులిద్దరూ మినర్వాకు నడిచారు. బిల్లు ఎవరివ్వాలన్నది ఇద్దరికీ కొత్త సమస్యే గనక కాఫీ నెమ్మదిగా తాగారు.

"వచ్చే ఆదివారం మలక్‌పేటలో ఒక బండి చూడాలండీ. సింగిల్ హ్యాండట. ఎవరో డాక్టరుగారిదట" అన్నారు పెదనాన్నగారు.

"డాక్టరా?" అని బాబాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.