నాలుగక్షరాలు

2024 జూన్ ఆఖరు. మా ఆవిడ చీటీ డబ్బు చేతికొచ్చింది. వీధి రామాలయం ముందు ముసలివాళ్లు కూర్చోడానికి ఒక రాతి బెంచీ వేయించాలని ఆమెకు ఎన్నాళ్లుగానో కోరిక. ఆళ్లగడ్డ పోయి పని పురమాయిద్దామనుకున్నాం. ముందురోజు రాత్రి నంద్యాలలో 'కల్కి 2898 ఏడీ' చూశాం. అదీ ఆమె ముచ్చటే.

పొద్దున నంద్యాల బస్టాండులో బస్సెక్కింది మొదలు నేను అందుకున్నాను. పాతికేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన నోరు మరి, ఊరుకోదు.

"దీపికా పదుకొణె అంతటి నటిని పెట్టుకుని ఏం చేయించారు? కడుపుతో పరిగెత్తించారు. పాపం, పేరు కూడా లేదు. సుమ్-80 అట! ఖైదీకిచ్చినట్టు నంబరు. ఎప్పటికో గానీ సుమతి కాలేదు. ఆమెకన్నా ఆ బుజ్జి కారు నయం, కీర్తి సురేష్ గొంతుతో గలగలా మాట్లాడింది."

"బుజ్జి బాగుండాది," అంది కిటికీలోంచి చూస్తూ.

శిరివెళ్ల దాటేసరికి నేను 1979లో ఉన్నాను. 'ఏలియన్'లో రిప్లీ, ఓడలో అందరూ పోయాక ఒక్కతే నిలబడి, ఆ పిశాచిని బయటికి తోసి, పిల్లిని కూడా కాపాడుకున్న వైనం చెప్పాను. మనవాళ్లు 1991లోనే 'ఆదిత్య 369' తీసి 1526కీ 2504కీ తీసుకుపోయారు గానీ, అన్ని శతాబ్దాలు తిరిగినా హీరోయిన్ హీరో వెనకాలే తిరిగిందని వాపోయాను.

"ఇంత తెలిసీ నీకెట్లా నచ్చింది?"

"ఉప్పు తక్కువని నాకూ తెలుసు. అట్లని అన్నం ముందర్నుంచి లేస్తామా? ఆ అశ్వత్థామ కొట్టే దెబ్బలు చూస్తిరా! నేనైతే ఇంకోసారి పోతా."

మీరే ఇట్లా సర్దుకుపోతుంటే తీసేవాళ్లు ఎందుకు మారతారని నిట్టూర్చాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి నా వంక మెచ్చుకోలుగా చూశాడు కూడా.

ఆళ్లగడ్డలో షెడ్ల నిండా కటింగ్ మిషన్ల రొద, తెల్లటి దుమ్ము. సగం మొహం తేలిన ఆంజనేయుళ్లు, మూపురం దాకా వచ్చి ఆగిన నందులు. బెంచీ పొడవు, రాయి రంగు, పాలిషు, అన్నీ ఆమే మాట్లాడింది. ముసలివాళ్ల మోకాళ్లకు ఎత్తెంత ఉండాలో కూర్చుని మరీ చూపించింది. బేరమూ ఆమే ఆడింది. నేను పక్కన ఒక నరసింహస్వామి కోరలు చూస్తూ నిలబడ్డాను.

చివరికి శిల్పి కాగితం తీసి, దాత పేరు చెప్పమన్నాడు. అప్పుడు నేను ముందుకొచ్చాను. ఇంటిపేరుతో సహా నా పేరు, వెనకాల ఎం.ఏ., రిటైర్డ్ లెక్చరర్ అని చెప్పి, "దంపతులు" అని ముగించాను.

"అమ్మ పేరు సార్?"

"దంపతులు అంటే ఆమె కూడా వచ్చినట్టే కదప్పా. అక్షరానికింత అంటివి. నాలుగక్షరాల్లో తేలిపోయేదానికి దండగెందుకు?"

శిల్పి ఆమె వంక చూశాడు. ఆమె సంచీలోంచి డబ్బు తీసి అడ్వాన్సు లెక్కపెడుతోంది. తలెత్తకుండానే అంది:

"దంపతులు తీసేసి సుమ్-80 అని చెక్కు నాయనా. అవీ నాలుగే."