పెట్టె నిండా కరెంటు, లెక్క మాత్రం సున్నా

ఈ కాలం పిల్లలు అడవికి వెళ్తున్నారో, ఇల్లు ఊడబెరుక్కుని పోతున్నారో నాకు అంతుబట్టదు. మారేడుమిల్లిలో రెండు రాత్రులు పడుకుని రావడానికి కారులో ఫ్రిజ్జు, కరెంటు కెటిల్, ఇండక్షన్ పొయ్యి, లాప్‌టాప్, గాల్లో ఎగరేసే కెమెరా. వీటన్నిటి కోసం సూట్‌కేసంత బ్యాటరీ పెట్టె, నెత్తిన సోలార్ పలక. కరెంటు లేని చోటికి పోవడమే సరదా అంటారు, పోయేటప్పుడు మాత్రం కరెంటంతా మూటగట్టుకుని పోతారు.

మా రోజుల్లో జీపుకి ఉన్నది ఒక్కటే బ్యాటరీ. సెల్ఫుకీ అదే, హారనుకీ అదే, లైట్లకీ అదే. ఇంజను నెమ్మదిగా తిరిగితే డైనమో ఛార్జి ఇచ్చేది కాదు. ఎదురుగా ఆంపియర్ మీటరు ముల్లు మైనస్ వైపు వాలిందంటే డ్రైవరే కాదు, పక్కన కూర్చున్న మా బావ కూడా "లైటు ఆపరా" అని అరిచేవాడు. బండెక్కిన ప్రతివాడికీ కరెంటు ఎంత వస్తోందో, ఎంత పోతోందో తెలుసు. ఆ తెలివిడి ఇప్పుడేదీ?

రాత్రి మజిలీ వేశాక బ్యాటరీ జోలికి ఎవరూ పోకూడదు. లాంతరుంది, పెట్రోమాక్స్ ఉంది, తలగడ పక్కన మూడు సెల్లుల టార్చి ఉంది. హెడ్‌లైట్ల వెలుతురులో వంట చేద్దామన్నవాణ్ణి డ్రైవరు అక్కడికక్కడే కడిగేసేవాడు. రెండు బల్బులూ కలిసి ఏడెనిమిది ఆంపియర్లు లాగితే 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ తెల్లారేసరికి ఖాళీ. ఒకవేళ దిగిపోయినా హ్యాండిల్ ఉండేది. బొటనవేలు కడ్డీ చుట్టూ తిప్పకుండా, మిగతా వేళ్ల పక్కనే ఆనించి, కింది నుంచి పైకి ఒక్క ఊపున లాగాలి. బొటనవేలు చుట్టి పట్టుకున్నవాడికి, ఇంజను ఎదురు తన్నిందంటే, ఆ వేలు విరిగేది.

బ్యాటరీకి సేవ ఎలా చేసేవాళ్లమనుకున్నారు! మూతలు విప్పి, ప్లేట్లు మునిగేదాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, ఛార్జి నిండాక హైడ్రోమీటరు ముంచి గ్రావిటీ 1.260 దాటిందో లేదో చూసేవాళ్లం. టెర్మినల్ మీద పచ్చగా పట్టిన చిలుము మీద వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే బుసబుసా పొంగేది. ఆ నురగ కడిగేసి, ఉప్పుకాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, క్లాంపు బిగించి, పైన వ్యాజిలిన్ పూసేవాళ్లం. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఈ ఒక్క ముక్క నేటి కుర్రాళ్లలో ఎందరికి తెలుసో అడిగి చూడండి.

ఇప్పుడంతా ఫోను తీసి చూడటమే. "87 శాతం ఉంది తాతయ్యా" అంటాడు మా మనవడు. 87 ఉంటే ఎన్ని గంటలకి సరిపోతుందిరా అంటే నోరు పెగలదు. నాయనా, లెక్కేమంత కష్టం? 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 1200 వాట్ అవర్లు. సీసం బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, దాటితే దాని ఆయుష్షు తరుగుతుంది. 45 వాట్ల ఫ్రిజ్జు రోజులో సగంసేపు తిరిగినా 540 మింగుతుంది. అంటే ఆ ఒక్క ఫ్రిజ్జుకే బ్యాటరీ సరి. 1500 వాట్ల కెటిల్ పెట్టారా, తీగెలో 125 ఆంపియర్లకి పైనే పరుగెడతాయి. టీ నీళ్ల కోసం అంత కరెంటా! మూడు రాళ్లూ, నాలుగు ఎండు పుల్లలూ, మా రోజుల్లో టీ కాగిపోయేది. అడవి శాఖవాళ్లు ఇప్పుడు నిప్పు పెట్టొద్దంటారు, ఎండాకాలంలో అది సబబే. అయితే చిన్న గ్యాసు పొయ్యి చాలదూ?

సోలార్ ఉంది కదా అంటారు. మారేడుమిల్లి చెట్ల కింద బండి ఆపి సోలార్ అంటే ఏం చెప్పాలి! నీడ కావాలి, ఎండా కావాలి. పలక మీద ఒక మూల కొమ్మ నీడ పడ్డా రాబడి ఘోరంగా పడిపోతుంది.

మా మనవడి స్నేహితుడొకడు కారు స్టార్టయ్యే బ్యాటరీకే ఇన్వర్టరు తగిలించి రాత్రంతా ఫ్రిజ్జు నడిపాడు. తెల్లారి బటన్ నొక్కితే టిక్కు టిక్కు మని శబ్దం, అంతే. గేర్లు మార్చే పని లేని బండి, తోసినా స్టార్టవదు, హ్యాండిల్ మాట దేవుడెరుగు. దారిన పోయే పెద్ద లారీని ఆపి వైర్లు తగిలించబోతే, లారీ డ్రైవరే వద్దన్నాడట. లారీవి 24 వోల్టులు, తగిలిస్తే కారులో కంప్యూటర్లన్నీ బూడిదే. చివరికి ఒక ట్రాక్టరు బ్యాటరీ, 12 వోల్టులది, వాళ్లని గట్టెక్కించింది.

లిథియం గొప్పదే, కాదనను. బరువు తక్కువ, ఎనభై శాతం వాడుకున్నా నొచ్చుకోదు. మొన్న ప్రయాణంలో నా ఇన్సులిన్‌ని చల్లగా కాపాడింది నేను తిట్టిన ఆ ఫ్రిజ్జే. కానీ సీసం బ్యాటరీ దిగిపోయే ముందు లైటు మందగించి చెప్పేది. ఇది చివరిదాకా ఒకేలా వెలిగి ఠక్కున ఆగిపోతుంది. లడఖ్ చలిలో సున్నా డిగ్రీల కింద ఛార్జి చేస్తే లోపల్లోపలే పాడవుతుంది.

అదే మారేడుమిల్లి దాటి ముందుకెళ్తే పొల్లూరు దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు పవర్‌హౌస్ ఉంది. మేం తిరిగే రోజుల్లో ఆ చుట్టుపక్కల గూడేల్లో మాత్రం కిరసనాయిలు బుడ్డే. వాళ్లు పొద్దుండగానే వంట ముగించి, పొద్దుండగానే తినేసేవారు. వెలుతురు పొదుపు మేం నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

కనుక నాయనలారా, బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకోండి. ఏ వస్తువు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు, రాసి కూడండి. స్టార్టింగు బ్యాటరీని విడిగా ఉంచండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. వాడనప్పుడు ఇన్వర్టరు కట్టేయండి, ఊరికే ఉన్నా అది తింటుంది. అప్పటికీ లెక్క కుదరకపోతే సామాను తగ్గించండి, బ్యాటరీ పెంచకండి.