శాంతి కోసం ఆడేవాళ్లకు తలకిందుల సలహాలు

గొడవ జరిగిన ఊరికి కళాబృందం బయల్దేరుతుంటే పెద్దలు చెప్పే మొదటి మాట, ఎవరి పక్షమూ తీసుకోవద్దని. శాంతి, న్యాయం ఆశయాలుగా ట్రస్టు పెట్టుకున్నవాళ్లు ఆ మాట వినకండి. పక్షం తీసుకోండి. దెబ్బతిన్నవాళ్ల వాడలో దిగి, అక్కడి అరుగు మీదే మొదటి పాట పాడండి. ఊరి నడిమధ్య, అందరికీ సమానదూరంలో స్టేజి వేశామని మీరనుకుంటారు. ఆ స్థలం ఎవరిది, కరెంటు ఎవరింటి నుంచి లాగారు, ముందువరస కుర్చీల్లో ఎవరు కూర్చున్నారు అన్నవి ఒక్కసారి చూడండి, సమానదూరం సంగతి తేలిపోతుంది. వాడ నుంచి అక్కడిదాకా రావడానికే భయపడే మనిషికి మీ ప్రదర్శన ఉన్నా లేనట్టే.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. దళితుల మీద జరిగిన ఆ హత్యాకాండలు తర్వాతి తరాల మనసులో నిలిచాయంటే, గద్దర్ లాంటివాళ్లు బాధితుల వైపు నిలబడి కట్టిన పాటలూ, ఆ తర్వాత వెల్లువెత్తిన దళిత కవిత్వమూ అందుకు పెద్ద కారణం. రాజీ తీర్మానాలను ఎవరూ పాడుకోలేదు. అంతకు ముందూ ఇదే కథ. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ‘మా భూమి’ నాటకం రాసినప్పుడు రైతునూ దొరనూ సమానంగా తూచలేదు. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

పక్షం తీసుకున్నాక నిజాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవాలి. ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో చదవండి, అవతలివాళ్లు చెప్పేదీ వినండి, అప్పుడు స్క్రిప్టు మొదలుపెట్టండి. స్క్రిప్టు పూర్తయ్యాక ముందు ఆ కుటుంబానికి చదివి వినిపించండి. పేరు మార్చమంటే మార్చండి, ఆ సన్నివేశమే వద్దంటే తీసేయండి. మీ వ్యాను వెళ్లిపోయాక ఆ ఊళ్లో బతకాల్సింది వాళ్లు.

రెండో సలహా మీ వార్షిక నివేదికకు నచ్చదు: కొత్త ఊళ్లకు పోకండి. ఈ ఏడాది ఇన్ని మండలాలు, ఇన్ని ప్రదర్శనలు అని లెక్క చెప్పుకోవాలన్న కోరిక స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను తొందరగా అలసటలోకి తోస్తుంది. ఒకసారి ఆడి వెళ్లిపోయిన బృందాన్ని ఊరు మర్చిపోతుంది, బృందమూ ఊరిని మర్చిపోతుంది. వెళ్లిన చోటికే మళ్లీ వెళ్లండి. ముఖ్యంగా మిమ్మల్ని తరిమిన చోటికి.

1989 జనవరి 1. ఢిల్లీ శివార్లలోని సాహిబాబాద్‌లో ఝండాపూర్ అనే కార్మికుల బస్తీ. మునిసిపల్ ఎన్నికల సమయం. అంతకు ముందు నవంబరులో ఢిల్లీ ప్రాంత కార్మికులు ఏడు రోజులు సమ్మె చేశారు. దాని మీద అల్లిన ‘హల్లా బోల్’ నాటకాన్ని జన నాట్య మంచ్ అనే వీధినాటక బృందం నడివీధిలో ఆడుతోంది. మధ్యలో దాడి జరిగింది. రామ్ బహదూర్ అనే కార్మికుణ్ని కాల్చి చంపారు. తోటి నటులు తప్పించుకునేలా వెనక నిలబడిన బృంద నాయకుడు సఫ్దర్ హష్మీని తల మీద కొట్టారు. మర్నాడు ఆయన ఆస్పత్రిలో చనిపోయారు. వయసు 34. అంత్యక్రియలైన మర్నాడు, జనవరి 4న, ఆయన సహచరి మొలయశ్రీ హష్మీ బృందాన్ని వెంటబెట్టుకుని అదే బస్తీకి వెళ్లి, ఆగిపోయిన నాటకాన్ని పూర్తిగా ఆడారు.

ఈ ఘటన గురించి మాట్లాడేవాళ్లు జనవరి 4 దగ్గర ఆగిపోతారు. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది ఆ తర్వాత జరిగింది. జన నాట్య మంచ్ ఏటా జనవరి 1న ఝండాపూర్ వెళ్తూనే ఉంది. హంతకులకు శిక్ష పడింది 2003లో. కోర్టుకు పట్టిన ఆ 14 ఏళ్లలోనూ ఏడాది మొదటి రోజున ఆ బస్తీలో నాటకం జరిగింది. న్యాయం ఆలస్యమైనప్పుడు మనుషుల్ని కలిపి ఉంచే పని కళ చేయగలదని నేను నమ్మేది ఇలాంటి వాటిని చూసే. సఫ్దర్ పేరున 1989లోనే ఢిల్లీలో పుట్టిన ట్రస్టు, సహమత్, గాయం ఉన్న చోటికే పోయే అలవాటును కొనసాగించింది. అయోధ్యలో మసీదు కూల్చిన ఎనిమిది నెలలకు, 1993 ఆగస్టు 15న, సరయూ ఒడ్డున కళాకారులతో సంగీత కార్యక్రమం పెట్టింది. ఆ రోజుల్లోనే ఫైజాబాద్‌లో వాళ్లు ఏర్పాటు చేసిన ‘హమ్ సబ్ అయోధ్య’ ప్రదర్శన మీద దాడి కూడా జరిగింది. దూరంగా, క్షేమంగా ఉన్న నగరాల్లోనే ఆగి ఉంటే చప్పట్లు ఎక్కువ వచ్చేవేమో. చేయాల్సిన పని మాత్రం అయోధ్యలోనే ఉంది.

కాబట్టి ఒక బస్తీ ఎంచుకోండి, ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు వాన పడినా, వచ్చినవాళ్లు తక్కువైనా ఆడండి. ప్రతి ఏడూ ఎవరు వచ్చారో, ఏం అడిగారో ఒక రిజిస్టరులో రాసుకోండి.

ఇక నాటకం రాసేవాళ్లకు. నాటకాన్ని ముగించకండి. చివరి సన్నివేశంలో తగాదాపడ్డ అన్నదమ్ములు కౌగిలించుకోవడం, అందరూ చేతులు పట్టుకుని ఐక్యతాగీతం పాడటం తీసేయండి. నిజజీవితంలో తెగని చిక్కును ఇరవై నిమిషాల్లో తెంచేస్తే చూసినవాడు తేలికపడి ఇంటికి పోతాడు. అది నాకు నచ్చదు. బ్రెజిల్‌కు చెందిన అగస్టో బోవాల్ ఈ చోటే కొత్త దారి తీశారు. అన్యాయం గెలిచే దగ్గర నాటకం ఆపేయాలి. అప్పుడు సూత్రధారి జనం వైపు తిరిగి, ఆ మనిషి స్థానంలో మీరుంటే ఏం చేస్తారని అడుగుతాడు. మాటతో చెబితే సరిపోదు, లేచి వచ్చి ఆ పాత్రలో నిలబడి చేసి చూపాలి. పశ్చిమబెంగాల్‌లో 1985లో మొదలైన జన సంస్కృతి బృందం సుందరబన్ పల్లెల్లో ఈ పద్ధతిని పాతుకునేలా చేసింది. కట్నం, తాగుడు, రేషన్ లాంటి వాటి మీద వాళ్లు ఆడుతుంటే, ఇంట్లో నోరు విప్పని ఆడవాళ్లు లేచి వచ్చి అత్త ఎదుట, మొగుడి ఎదుట నిలబడి మాట్లాడతారు. ఎదుటి నటుడు తేలిగ్గా లొంగకూడదు. అసలు కష్టమంతా ఆ నటుడిదే. అతను నిజమైన మొగుడిలా, నిజమైన డీలరులా మొండికేస్తేనే ఆమె మాట పదునెక్కుతుంది.

ఇది మనకు పరాయి పద్ధతేమీ కాదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్కన హాస్యం చెప్పే వంత, ఇంకో పక్కన రాజకీయం చెప్పే వంత ఉంటారు. కథ బొబ్బిలిలో నడుస్తున్నా రాజకీయం చెప్పేవాడు అడ్డుతగిలి ఈ ఏటి కరువు గురించి మాట్లాడొచ్చు. ఆ అడ్డుతగిలే చోటును ఊరివాళ్లకు ఇవ్వండి. ముందే మాట్లాడుకుని, వాడలోని ఒక అమ్మాయికి ఆ వంత నేర్పించండి.

నినాదాలు కూడా మీరే రాయాలని లేదు. 1992లో సహమత్ ఢిల్లీ ఆటోడ్రైవర్లకు మతసామరస్యం మీద నినాదాల పోటీ పెట్టింది. వాళ్ల మాటలు వాళ్ల ఆటోల వెనకే రాసుకుని ఊరంతా తిరిగారు. ఇంతకన్నా మంచి ప్రచారం డబ్బు పెట్టినా దొరకదు.

స్వచ్ఛంద సంస్థ కాబట్టి ఎవరికీ డబ్బివ్వం అనే నియమం చాలా ట్రస్టుల్లో గర్వంగా చెబుతారు. దాన్ని మార్చండి. ట్రస్టీకి బయట జీతం ఉంటుంది. డప్పు కొట్టేవాడికి, బుర్రకథ చెప్పేవాడికి ఆ రోజు కూలిపోతుంది. న్యాయం గురించిన నాటకానికి డప్పు మోగించి, అతను బస్సు ఛార్జీకి చేయి చాపే పరిస్థితి తెస్తే ఆ నాటకం వేయకపోవడమే మంచిది. ప్రదర్శనకు ముందే కవరు చేతిలో పెట్టండి. ట్రస్టీలు మాత్రం తమ టీ తామే కొనుక్కోవాలి.

మరి ఆ డబ్బెక్కడిది? ఉన్నవాళ్లను అడిగే ముందు లేనివాళ్లను అడగండి. ఆట అయ్యాక దుప్పటి పరవండి. జన నాట్య మంచ్ వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నదదే. బస్తీ మనిషి వేసిన పది రూపాయలతో ఆ బృందం అతనిది కూడా అవుతుంది. రేపు ఎవరైనా అడ్డొస్తే ముందు అడిగేది అతనే. 2012లో వాళ్లు సొంత వేదిక ‘స్టూడియో సఫ్దర్’ పెట్టుకున్నది కూడా ఖరీదైన పేటలో కాదు, చిన్నచిన్న దుకాణాలూ కార్మికుల ఇళ్లూ ఉన్న షాదీపూర్ వైపు. పెద్ద చెక్కు వస్తే, ఇచ్చినాయన ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే దాని మీద ఆడగలమా అని కమిటీలో అడగండి. జవాబు ఆలస్యమైతే చెక్కు వెనక్కి పంపండి. లెక్కల్లో మాత్రం సాహసం వద్దు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదని దాతకు ముందే చెప్పండి. ట్రస్టుకు పన్ను మినహాయింపు నిలవాలంటే మామూలుగా ఆదాయంలో కనీసం 85 శాతం ఆ ఏడాది ఆశయాల మీదే ఖర్చవ్వాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ప్రేమతో పంపుతామన్నా, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారైతే విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోకండి.

రిహార్సల్ విషయంలో జాలి చూపకండి. మంచి ఉద్దేశం ఉంది కదా అని శృతి తప్పిన పాటను క్షమిస్తూ పోతే, ఆ ఉద్దేశాన్ని నమ్ముకున్న జనాన్ని అవమానించినట్టు. పొన్నెకల్లు బుర్రకథకుడు నాజర్ గొంతు కోసం జనం వచ్చారు, వచ్చాక కరువు కథ విన్నారు. 

చివరి సలహా, ట్రస్టు డీడ్ రాసే రోజుకే. మూసేయడం ఎలాగో ఆ రోజే రాయండి. రద్దయితే ఆస్తి ఇలాంటి ఆశయాలున్న మరో సంస్థకు పోవాలన్న నిబంధన పన్ను రిజిస్ట్రేషన్ కోసం ఎలాగూ కావాలి. దాన్ని న్యాయవాది వాక్యంగా వదిలేయకండి. యువకులు రావడం ఆగిపోయి, ముగ్గురు పెద్దలు సంతకాల కోసం మాత్రమే కలుస్తున్న రోజు వస్తే, డప్పులూ దుస్తులూ స్క్రిప్టులూ ఏ బృందానికి వెళ్లాలో పేరు రాయండి. బస్తీవాళ్లు ఏమడిగారో రాసుకున్న రిజిస్టరును కూడా ఆ జాబితాలో చేర్చండి. తీసుకునే బృందం వచ్చే ఏడు అదే తేదీన అదే బస్తీలో ఆడతామని ఒప్పుకుంటేనే సామాను ఇవ్వాలని కూడా రాయండి.