కాయలు కాసిన వేళ్లు

గిటారులో మొదటి నెలంతా నొప్పే. కుడిచెయ్యి తీగలు మీటుతుంది గానీ, ఏ స్వరం పలకాలో తేల్చేది ఎడమచెయ్యి. దాని నాలుగు వేళ్ల కొసలతో ఉక్కు తీగను మెట్టుకు ఆనించి నొక్కిపట్టాలి. బొటనవేలు గిటారు మెడ వెనక ఆసరాగా ఉంటుంది, అంతే. కొసలు ముందు ఎర్రబడతాయి, తర్వాత మండుతాయి, ఆపైన చర్మం మొద్దుబారి కాయలు కాస్తాయి. కాయ కాసిందంటే ఇక ఆ పిల్ల మానదని నాకు ధైర్యం. నైలాన్ తీగలైతే ఇంత బాధ ఉండదు. కానీ మా పిల్లల చేతికొచ్చేవి ఎక్కువగా అన్నలు మోజు తీరాక మూలన పడేసిన ఉక్కు తీగల గిటార్లే.

మంథనిలో, వేదపాఠం వినబడే వీధులకు కాస్త ఎడంగా, సాయంత్రాలు ఆడపిల్లలకు గిటారు నేర్పుతుంటాను. వేళ్లు మండి ఏడుపుమొహం పెట్టిన పిల్లకు ఎలిజబెత్ కాటన్ సంగతి చెబుతాను. అమెరికాలో ఉత్తర కరోలినాలో పుట్టిన నల్లజాతి పిల్ల. చిన్ననాడే ఇళ్లలో పనిచేసి, కూడబెట్టుకున్న డబ్బుతో గిటారు కొనుక్కుంది. ఎడమచేతి వాటం కాబట్టి దాన్ని తిరగేసి పట్టుకుని, తనకు తానే నేర్చుకుంది. చర్చి పెద్దలు ఆ పాటలు తగవన్నారని ఏళ్ల తరబడి పక్కన పెట్టేసింది. మళ్లీ పనిమనిషిగా చేరిన ఇంట్లో గోడకున్న గిటారు అందుకుంది. 1985లో, పండు ముసలితనంలో, గ్రామీ బహుమతి తీసుకుంది. తిరగేసి వాయించింది గనక ఆమె తీగ నొక్కింది కుడిచేత్తో.

ఈ కథ విని ఏడుపు ఆపిన వాళ్లలో ఒక ఇంటర్ పిల్ల ఉంది. సాయంత్రం బీడీల కట్టలు అప్పజెప్పి, అటునుంచి అటే వచ్చేది. బట్టలకు తంబాకు వాసన. తాళం తప్పదు. అంత నిలకడైన చెయ్యి నా దగ్గర ఇంకెవరికీ లేదు.

ఒకనాడు ఆమె వెంట పెద్దబాపు వచ్చాడు. ఆ వాడకట్టులో బీడీల కమీషన్‌దారు ఆయనే. ఇంటింటికీ తునికాకు, తంబాకు ఇచ్చేదీ, చేసిన బీడీలు లెక్క చూసి తీసుకునేదీ ఆయనే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"టీచరమ్మా, మీరు తప్పువట్టొద్దు. పిల్లకు మంచి సంబంధం అచ్చింది. ఐతారం సూసుకుంటానికి అస్తున్రు. రేపు వాళ్లు ఈ చెయ్యి సూస్తే ఏమంటరు?" అంటూ పిల్ల చెయ్యి పట్టి నా ముందుకు చాపాడు. "ఇగో, బొటనేలు మొదట్ల సూడున్రి, ఎట్ల గట్టివడ్డదో! మెత్తటి చెయ్యుండె. మీ తీగలు గుంజి గుంజి గిట్లయింది. ఇగ బందు వెట్టియ్యున్రి."

నేను ఆ చేతిని చూశాను. ఏదో అనబోయేలోపే పిల్ల మాట్లాడింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"పెద్దబాపూ, గిటారు కాయలు ఎడమచేతికి కాస్తయి. నువ్వు వట్టుకున్నది కుడిచెయ్యి. నువ్విచ్చిన ఆకు కత్తిరిచ్చే చెయ్యి. ఐదో తరగతి కాన్నుంచి."