వైఫై దానసత్రం: నిర్వాహకులకు సూచనలు

అన్నదానం, వస్త్రదానం అందరూ చేసేవే. నెలనెలా బిల్లు తాము కడుతూ వాడకం వీధికి వదిలేసే పుణ్యాత్ములు మాత్రం అరుదని పైకి అనుకుంటాం గానీ, ప్రతి అపార్ట్‌మెంటులోనూ నలుగురైదుగురు ఉంటారు. మీరూ ఆ జాబితాలో చేరాలనుకుంటే కంగారు పడకండి. కనెక్షన్ ఇచ్చిన కేబులబ్బాయి సగం పని అప్పుడే చేసి వెళ్లాడు. మిగతా సగానికి ఈ సూచనలు.

1. అడ్మిన్‌ను కదపకండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. ఈ రెండోది ఒకటుందన్న సంగతే మరిచిపోండి. చాలా పెట్టెల్లో యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులు అరవై పైచిలుకు పట్టుకుని బయల్దేరి, సీసీ కెమెరాలనూ రౌటర్లనూ లక్షల్లో లొంగదీసుకుంది. ఆ అక్టోబరులో వాటితో చేయించిన దాడికి అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలు సరిగా అందలేదు. టీవీ వెనక దుమ్ము కొట్టుకుపోయిన మీ పెట్టెకూ అంతటి ఘనకార్యంలో పాలు దక్కొచ్చు.

2. వైఫై పాస్‌వర్డుగా మీ సెల్ నంబరే పెట్టండి. మీకు గుర్తుంటుంది, ఊళ్లోవాళ్లకూ గుర్తుంటుంది. ఆరు మొదలు తొమ్మిది దాకా ఏదో ఒక అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు 400 కోట్లకు మించవు. మీ ఫోను రౌటర్‌తో కలిసేటప్పుడు గాల్లో నడిచే పలకరింపును ఒక్కసారి పట్టుకున్నవాడు, ఇంటికెళ్లి తీరిగ్గా ఒక్కో నంబరూ పెట్టి చూసుకోవచ్చు. గేమ్స్ ఆడే మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది గంటల్లో తేలే పని. మీ విజిటింగ్ కార్డు దొరికినవాడికి ఆ శ్రమా ఉండదు.

3. మొహమాటాన్ని కాపాడుకోండి. ఎదురు ఫ్లాటావిడ గుమ్మంలో నిలబడి, "వదినగారూ, మావాడికి ఆన్‌లైన్ క్లాసట, మీ పాస్‌వర్డ్ కాస్త చెబుతారా?" అంటారు. చెప్పెయ్యండి. సాయంత్రానికి ఆ క్లాసబ్బాయి తన ఫోన్లో క్యూఆర్ కోడ్ తెరిచి, మెట్ల మీద కూర్చున్న స్నేహితులకు వరసగా చూపిస్తుంటాడు. రాత్రికి వాచ్‌మన్ గదిలో మ్యాచ్ హెచ్‌డీలో వస్తుంది. మీ ఇంట్లో మాత్రం తెర మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది. దాత కడుపు మాడితేనే దానం పండినట్టు.

4. డబ్ల్యూపీఎస్ ఆపకండి. పాస్‌వర్డ్ కొట్టే బాధ లేకుండా ఎనిమిదంకెల పిన్‌తో లోపలికి రానిచ్చే సదుపాయమిది. ఎనిమిదంకెలంటే కోట్ల ప్రయత్నాలు కావాలని జనం భ్రమ. రౌటరు ముందు నాలుగంకెలు సరిచూస్తుంది, తర్వాత మూడు. చివరిది లెక్క కుదర్చడానికే. అంటే 11,000 ప్రయత్నాల్లోపే తలుపు తెరుచుకుంటుందని 2011లోనే బయటపడింది.

5. అప్‌డేట్ అంటే పడకూడదు. 2017లో క్రాక్ అనే లోపం వైఫైకి కాపలా కాసే డబ్ల్యూపీఏ2కే చిల్లు పెట్టింది. కంపెనీలు అప్‌డేట్లతో మాట్లు వేశాయి. మన పెట్టె బాగానే పనిచేస్తుంటే మాటెందుకు?

6. అంత భయమైతే నెట్‌వర్క్ పేరు దాచండి. పేరు కనపడదు గానీ సిగ్నల్ కనపడుతూనే ఉంటుంది. పైగా మీ ఫోను బజారుకెళ్లినా, బస్సెక్కినా ఆ దాచిన పేరునే పిలుచుకుంటూ తిరుగుతుంది.

7. పోలీసులొస్తే మర్యాద చేయండి. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్ జాడ నవీ ముంబైలో ఓ అమెరికన్ ఇంటి వైఫైకి దారితీసింది. ఆయన నెట్‌ను ఎవరో వాడుకున్నారు. సమాధానాలు చెప్పుకున్నది ఆయన. సత్రంలో ఎవరు తిని వెళ్లినా, రిజిస్టర్లో ఉండేది యజమాని పేరొక్కటే.

సత్రం మూసేయాలన్న దుర్బుద్ధి పుట్టిందా? అదేమంత కష్టం కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, కొత్త కాపలా డబ్ల్యూపీఏ3 పెట్టి, అది లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టి, పొంతన లేని నాలుగైదు మాటలు కలిపి పొడవాటి పాస్‌వర్డ్ రాసి, డబ్ల్యూపీఎస్ ఆపి, అప్‌డేట్ చేసి, వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెడితే సరిపోతుంది. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది.

ఎదురు ఫ్లాటావిడ అలుగుతారు. మన కేబులబ్బాయి నంబరివ్వండి. వాళ్లింట్లోనూ అడ్మిన్, అడ్మిన్ అని పెట్టి వెళ్తాడు. మీ నెట్ పోయిన రోజున అక్కరకొస్తుంది.